గుదడీలో మాణిక్యం – బొంత చరిత్ర, కుట్టు పనిముట్ల సంరక్షణ

"గుదడీ కా లాల్" అని ఉర్దూలో ఒక నానుడి ఉన్నది. చింకి బొంతలో మాణిక్యం అని దాని అర్థం. పేదింట పుట్టి పేరు తెచ్చుకున్న బిడ్డను చూసి మన పెద్దలు ఈ మాట అంటారు. అందరి చూపూ మాణిక్యం మీదికే పోతుంది. ఆ మాణిక్యాన్ని చలికి కాపాడిన గుదడీని ఎవరు కుట్టారు, ఏ ముక్కలతో కుట్టారు, ఏ సూదితో కుట్టారు అని అడిగేవారు కనపడరు. ఈ వ్యాసంలో మేము అడగదలచిన ప్రశ్న అదే.

సంఘాల సంచికలలో చరిత్ర అనగానే కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, కోటలు, మసీదులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. అవి తెలుసుకోవలసినవే, కాదనము. పాదుషా ఎవరికి ఏ సందర్భంలో ఖిల్లత్ బహూకరించాడో తవారీఖులలో రాసి ఉన్నది. అదే రోజుల్లో ఒక నానీ తన మనవడికి కప్పిన బొంత సంగతి మాత్రం ఎక్కడా రాసి లేదు. దానికి కారణం లేకపోలేదు. బొంత వాడుక వస్తువు. వాడితేనే దానికి విలువ, వాడితే అది మిగలదు. ఉతికి ఉతికి, ఆరేసి ఆరేసి, చివరికి గిన్నెలు దించే మసిగుడ్డ అయిపోతుంది. అందుకే మ్యూజియాలలో నవాబుల అంగరఖాలు కనిపిస్తాయి గాని, మన నాయనమ్మల బొంతలు కనిపించవు. కనుక బొంత చరిత్రను గ్రంథాలలోనే గాక మాటల్లోనూ, పనిముట్లలోనూ, చేతి అలవాట్లలోనూ వెతుక్కోవలసి ఉంటుంది.

బొంత ఏది, రజాయి ఏది?

ముందు పేర్ల సంగతి చూద్దాం. కొత్త గుడ్డతో సంచిలాగా కుట్టి, లోపల ఏకిన దూది పరచి, పైన కుట్లు వేస్తే అది రజాయి. పాత చీరలు, లుంగీలు, దుప్పట్లు పొరలు పొరలుగా పేర్చి, చిరిగినచోట ముక్కలు వేసి, అన్నింటినీ కలిపి కుట్టేస్తే అది బొంత. దీన్నే ఉర్దూలో గుదడీ అంటారు, మరాఠీవారు గోధడీ అంటారు. సంస్కృతంలో కంథ అన్నారు. బెంగాలువారి కాంథా ఆ మాటే.

తెలుగులో "గంతకు తగ్గ బొంత" అనే సామెత అందరూ ఎరిగినదే. ఇప్పుడు ఈడూజోడూ కుదిరిన దంపతులను వేళాకోళం చేయడానికి వాడుతున్నాం. అసలు సంగతి వేరు. గాడిద వీపున సరుకు మోయడానికి వేసేది గంత. అది వీపును ఒరవకుండా దాని కింద పరిచేది బొంత. అంటే మనుషుల కంటికే కాదు, నోరులేని జీవాల వీపుకు కూడా మెత్తదనం ఇచ్చింది బొంతే. సామెతల్లోకి ఎక్కిందంటే ఆ వస్తువు ఎంత పాతదో, ఎంత ఇంటింటిదో మనం ఊహించుకోవచ్చు.

ముక్కల వస్త్రానికి దక్కిన గౌరవం

ముక్కలు కలిపి కుట్టుకోవడం లేమిలోంచి పుట్టిందని మనం అనుకుంటాం. ఇది సగం నిజం. మిగతా సగం ఏమంటే, ఈ ముక్కల వస్త్రాన్ని మహనీయులు కావాలని ధరించారు. బౌద్ధ భిక్షువుల చీవరం ముక్కలు కలిపి కుట్టినదే. మగధ దేశపు వరిమళ్ళూ వాటి గట్లూ చూపించి, వస్త్రాన్ని ఆ తీరున కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగినట్లు వినయ గ్రంథాలు చెబుతున్నాయి. మడి ఒక ముక్క, గట్టు ఒక కుట్టు అన్నమాట. చైనాలోని దున్‌హువాంగ్ గుహలలో ముక్కలు కలిపి కుట్టిన పురాతన పట్టు వస్త్రం ఒకటి దొరికింది. వెయ్యేండ్ల కిందటిది. 1907లో ఆరెల్ స్టైన్ అక్కడి నుంచి తెచ్చిన వస్తువులలో అది ఒకటి, ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

మన సూఫీ సంప్రదాయంలో ముక్కల అంగీని మురఖ్ఖా అన్నారు. 11వ శతాబ్దంలో లాహోరులో నివసించిన హజ్రత్ అలీ హుజ్వీరీ తన "కష్ఫుల్ మహ్‌జూబ్" గ్రంథంలో ఈ మురఖ్ఖా గురించి ఒక అధ్యాయమే రాశారు. అందులో కుట్టు గురించిన చర్చ కూడా ఉండటం మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది. సూది ఎటు పైకి వస్తే అటే లాగాలి, వరుస కోసం శ్రమపడనక్కరలేదు అని కొందరు దర్వేషులు అనేవారట. కుట్టు తిన్నగా, వరుసగా ఉండాలి, అది కూడా సాధనలో భాగమే అని మరికొందరు. అతుకు వేసేటప్పుడు ఎట్లా వేయాలన్నది పెద్దల మధ్య వాదానికి వచ్చిందంటే, సూదిపనిని వారు తక్కువగా చూడలేదని తెలుస్తున్నది గదా!

ఇంకొక విశేషం. మొఘల్ దర్బారులో, దక్కన్ దర్బారుల్లో చిత్రాలూ, అందమైన చేతిరాత పుటలూ ఒకచోట అతికించి తయారు చేసిన ఆల్బములను కూడా మురఖ్ఖా అనే పిలిచారు. "అతుకులు వేసినది" అనే అర్థమే ఇందులోనూ ఉన్నది. ఫకీరు బొంతకూ, పాదుషా చిత్రాల పుస్తకానికీ ఒకే పేరు! ఔరంగజేబు పాదుషా టోపీలు కుట్టి అమ్మేవాడనీ, ఆ డబ్బుతోనే తన కఫన్ ఖర్చు జరగాలన్నాడనీ చెబుతారు. 1707లో ఆయన కన్నుమూశాక ఖుల్దాబాదులో ఆకాశమే కప్పుగా ఉన్న సాదా సమాధిలో ఉంచారు.

దూది ఏకిన చేతులు

బొంత గురించి చెప్పేటప్పుడు దూదేకులవారిని తలవకుండా ఉండటం అన్యాయం. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లదాఫ్ అని ప్రాంతానికి ఒక పేరుతో పిలవబడే వీరు తరతరాలుగా దూది ఏకి, పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టి ఇచ్చిన ముస్లింలు. ఇంటి భాష తెలుగు. వీరి పేర్లలోనే వృత్తి చరిత్ర దాగి ఉన్నది. అరబ్బీలో దూది ఏకేవాణ్ణి నద్దాఫ్ అంటారు, అదే మన నాలుకపై లదాఫ్ అయింది. దూది ఏకే వింటికి సంస్కృతంలో పింజనం అని పేరు, అందులోంచి పింజారి వచ్చింది. 922లో బాగ్దాదులో ఉరికంబం ఎక్కిన మన్సూర్ హల్లాజ్ పేరు వినని వారుండరు. హల్లాజ్ అన్నా దూదేకే పనివాడనే అర్థం. ఉత్తరాదిలో దూదేకేవారు మన్సూరీలని చెప్పుకునేది ఆయన పేరు మీదుగానే.

పెద్ద విల్లు, దానికి బిగించిన నారి, ఆ నారిని కొట్టే కర్రగుండు – ఇవీ దూదేకులవారి ఆస్తి. నారి అదిరితే గడ్డకట్టిన దూది విడిపోయి, గింజల పొట్టూ దుమ్మూ కిందపడి, మల్లెపూల కుప్పలాగా పైకి లేస్తుంది. చలికాలం వచ్చిందంటే వీధుల్లో ఆ వింటి మోత వినిపించేది. ఇంటి ఆడవాళ్ళు పాత పరుపు విప్పి ముందర వేసేవారు. దూది ఏకడం మగవారు చేస్తే, కుట్టుపనిలో వారి ఇంటి ఆడవారూ చేయి వేసేవారు. ఈ శ్రమలో ఆ సగం పేరు లేనిదిగానే మిగిలిపోయింది.

దక్కన్‌కు ఇంకొక గౌరవం ఉన్నది. మన దేశంలో నూలు వడికే రాట్నం గురించి స్పష్టంగా చెప్పిన తొలి గ్రంథం 1350లో ఇసామీ రాసిన "ఫుతూహుస్సలాతీన్" అని చరిత్రకారులు చెబుతారు. ఆ పారసీ కావ్యం దక్కన్‌లోనే, బహమనీ సుల్తాను ఆశ్రయంలో పూర్తయింది. రాట్నం వచ్చాక నూలు పెరిగింది, నూలు పెరిగాక బట్ట పెరిగింది, బట్ట పెరిగితేనే గదా పాతబట్ట మిగిలేది, బొంతకు అందేది!

దూదేకులవారు జ్ఞానంలోనూ వెనుకబడలేదు. శ్రీ పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులలో అగ్రగణ్యుడు దూదేకుల సిద్దయ్య. 1909లో వెలువడిన థర్‌స్టన్ గారి దక్షిణాది కులాల గ్రంథంలో దూదేకులవారిని గురించి ప్రత్యేకంగా రాశారు. 1970లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు వీరిని బి-గ్రూపులో చేర్చింది. కానీ ఆ తర్వాత దూది ఏకే యంత్రాలు వచ్చాయి, ఫోం పరుపులు వచ్చాయి. చాలా ఇండ్లలో ఆ విల్లు అటక మీదికి చేరింది. నారి తెగినా కట్టించేవారు లేరు.

కాంథా, రల్లీ, కవండి

బొంత మన ఊళ్ళదే కాదు. బెంగాలులో పాత చీరల అంచుల నుంచి రంగుదారాలు లాగి, ఆ దారంతోనే పువ్వులు, చేపలు, రథాలు కుట్టేవారు. అది నక్షీ కాంథా. కవి జసీముద్దీన్ 1929లో ప్రకటించిన "నక్షీ కాంథార్ మాఠ్" కావ్యానికి పేరు ఆ బొంత నుంచే వచ్చింది. పల్లెటూరి ఆడపడుచు తన కష్టసుఖాలన్నీ బొంతమీద కుట్టుకున్న కథ అది. సింధులో, కచ్‌లో, రాజస్థాన్‌లో రల్లీ అంటారు. గళ్ళు గళ్ళుగా ముక్కలు పేర్చి కుట్టేది. ఆ మాటకు కలపడం అనే అర్థం ఉన్నది. ఆడపిల్ల పెళ్ళికి సామానుతోపాటు రల్లీలు కూడా పెట్టేవారు.

అన్నింటికన్న మనకు దగ్గరగా ఉన్నది కర్ణాటకలోని సిద్దీల కవండి. సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. ఉత్తర కన్నడ జిల్లాలో హళియాల, ఎల్లాపుర, ముండగోడు తాలూకాల్లో అడవి అంచు ఊళ్ళలో ఉంటారు. వారిలో ముస్లింలు ఉన్నారు, హిందువులు ఉన్నారు, క్రైస్తవులు ఉన్నారు. 2003లో వీరికి షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందని మనలో చాలామందికి తెలుసు. కనుక సిద్దీల మాట మనకు పరాయి మాట కాదు.

సిద్దీ స్త్రీలు బొంత కుట్టే పద్ధతి చూడండి. కింద పాత చీర పరుస్తారు. మనం మధ్య నుంచి అంచుకు పోతే, వాళ్ళు ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి చుట్టూ ముక్కలు మడిచి కుట్టుకుంటూ మధ్యకు వస్తారు. చివర్న నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలు వేస్తారు. వాటిని ఫుల, అంటే పువ్వు, అంటారు. ఆ పువ్వులు లేని కవండి బట్ట కట్టని మనిషి లాంటిదని వారి మాట. ముస్లిం ఇండ్లలో నెలవంక కుట్టుకునేవారు ఉన్నారు, క్రైస్తవుల ఇండ్లలో సిలువ కుట్టుకునేవారు ఉన్నారు. కుట్టు మాత్రం ఒక్కటే.

సముద్రం దాటి చూస్తే, అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరు ఉన్నది. పత్తితోటల్లో బానిసలుగా పనిచేసిన వారి సంతతి అక్కడి నల్లజాతి స్త్రీలు. అరిగిన పనిబట్టలు కోసి బొంతలు కుట్టుకునేవారు. 1966లో ఆ ప్రాంతంలో ఒక సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. 2002లో వాళ్ళ బొంతలను హ్యూస్టన్‌లోనూ, న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలోనూ గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వేసింది. ఇక్కడ ముఖ్యంగా గమనించదగ్గది ఒకటున్నది. ప్రతి బొంత పక్కనా కుట్టిన మనిషి పేరు రాసి పెట్టారు. బొంత మారలేదు, కుట్టూ మారలేదు. పేరు రాయడంతో అది చరిత్ర అయింది.

ఇంట్లో బొంత గళ్ళు కుట్టే విధానం

చరిత్ర చదివి ఊరుకుంటే చాలదు. కుట్టి చూస్తేగాని దాని విలువ తెలియదు. అందరికీ వీలైన తొమ్మిది ముక్కల గడి ఇక్కడ చెబుతున్నాం.

మొదట పాత నూలుబట్టలు ఎంచుకోవాలి. పాలిస్టరు, నూలు కలిపితే ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుంటుంది, ఇంకొకటి ముడుచుకోదు. బొంత వంకర తిరుగుతుంది. కొత్తగుడ్డ కలపాలంటే ముందు ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. చీరలో తొడలకాడ, మోకాళ్ళకాడ అరిగిన భాగం వదిలేసి కొంగు పక్క, కుచ్చిళ్ళ లోపలి పక్క గట్టిగా ఉన్న గుడ్డ తీసుకోవాలి.

తర్వాత గట్టి అట్టతో నాలుగున్నర అంగుళాల చదరం కత్తిరించి పెట్టుకోండి. ఈ అట్టను గుడ్డ మీద పెట్టి, నూలుపోగు వెంబడి తిన్నగా గీసి కత్తిరించాలి. ఏటవాలుగా కోస్తే ముక్క సాగుతుంది. చుట్టూ పావు అంగుళం కుట్టుకు పోతే ముక్క నాలుగు అంగుళాలు నిలుస్తుంది. ముదురు రంగు అయిదు ముక్కలు, లేత రంగు నాలుగు ముక్కలు తీసుకుని, చదరంగం పలకలాగా మూడు వరుసలుగా పేర్చండి. ముందు ఒక్కో వరుసలో మూడు ముక్కలు కలపాలి. కుట్టు మడతలను ముదురు రంగు వైపు తిప్పి ఇస్త్రీ చేయాలి. అప్పుడు మూడు వరుసలను కలిపితే కూడళ్ళు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. పన్నెండు అంగుళాల గడి తయారవుతుంది.

వెడల్పుకు అయిదు, పొడవుకు ఆరు, మొత్తం ముప్పై గళ్ళు కలిపితే అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు బొంత వస్తుంది. 270 ముక్కలు అవుతాయి. వినగానే భయం వేస్తుంది. రోజుకు ఒక గడి చొప్పున కుట్టుకుంటే నెలకు అయిపోతుంది. ముప్పై గళ్ళలో పదిహేనింటిని ముదురు ముక్కలు అయిదుతోనూ, పదిహేనింటిని లేతముక్కలు అయిదుతోనూ చేసి ఒకటి విడిచి ఒకటి పేర్చితే మొత్తం బొంతంతా చదరంగం పలకలా చక్కగా కనిపిస్తుంది.

చివరి ఘట్టం పొరలు కలపడం. నేల శుభ్రంగా తుడిచి, అడుగున ఒక పాత చీరో దుప్పటో ముడతలు లేకుండా పరచండి. దాని మీద రెండు మూడు పాత చీరల పొరలు గాని, పలచగా దూది గాని వేయండి. పైన గళ్ళ గుడ్డ పరచి నాలుగు మూలలా బరువు పెట్టండి. మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటే పొరలు జరగవు. ఆ తర్వాత సూది పైకీ కిందికీ పోతూ ముందుకు సాగే సాదా కుట్టు, మధ్య నుంచి మొదలుపెట్టి వేయాలి. కుట్టు వరుసల మధ్య నాలుగు వేళ్ళకన్న ఎడం ఉండకూడదు. ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు దూది ముద్దలు కడుతుంది. చివర్న రెండంగుళాల వెడల్పు పట్టీతో చుట్టూ గోటు వేసి, టాకాలు విప్పేస్తే పని పూర్తయినట్టే.

దారం మూరెడు, మూరెడున్నరకు మించి తీసుకోవద్దు. పొడవు దారం బద్ధకస్తురాలికి అని ఆడవాళ్ళు నవ్వుకుంటారు గాని అందులో నిజమున్నది. పొడవైన దారం చిక్కుపడుతుంది, ప్రతి కుట్టుకూ గుడ్డలో ఒరుసుకుని పలచబడుతుంది. మైనం ముక్క మీద ఒక్కసారి లాగితే దారం గట్టిపడుతుంది.

సూది, అంగుస్తానా, కత్తెర

మనిషి సూదిని ఎముకతో చేసిన కాలం ఉన్నది. సైబీరియా గుహల్లో దొరికిన కన్నుగల ఎముక సూదులు నలభై వేల ఏండ్లనాటివని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. మొహెంజొదారో తవ్వకాల్లో లోహపు సూదులు దొరికాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణం ప్రపంచానికంతా సూదులు పంపింది. మన దేశానికీ చాలాకాలం సూదులు సముద్రం మీదుగానే వచ్చాయి. 1949లో నీలగిరి కొండల్లో కెట్టి అనే చోట సూదుల కర్మాగారం పెట్టారు. ఎంత చిన్న వస్తువు, ఎంత పెద్ద ప్రయాణం!

సూదికి శత్రువు తేమ. చేతి చెమట కూడా చాలు తుప్పు పట్టడానికి. పని కాగానే పొడిగుడ్డతో తుడిచి, ఉన్నిగుడ్డలో గుచ్చి, మూతగల డబ్బీలో పెట్టాలి. మన పెద్దలు సూదులు గుచ్చే చిన్న దిండులో తల వెంట్రుకలు నింపేవారు. వెంట్రుకల్లో ఉండే నూనె సూదిని తుప్పు నుంచి కాపాడేది. కొంచెం తుప్పు పట్టిన సూదిని మెత్తని ఇటుకపొడితో రుద్దితే మళ్ళీ పనికి వస్తుంది. మొన వంగితే మాత్రం దాచుకోవద్దు. గుడ్డను చింపుతుంది.

అన్నింటికన్న ముఖ్యమైన సంగతి ఒకటుంది. పనికి కూర్చునేముందు సూదులు లెక్కపెట్టుకోవాలి, లేచేముందు మళ్ళీ లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా ఆ బొంతను మంచమెక్కించకూడదు. పసిబిడ్డలు పడుకునే వస్తువు అది. లెక్క పెట్టే అలవాటు చదువు రాని నానీలకు ఉన్నది, చదువుకున్న మనకు ఎందుకు ఉండకూడదు?

అంగుస్తానా అనేది పారసీ మాట. అంగుష్త్ అంటే వేలు. నాలుగు పొరల గుడ్డలోంచి సూది తోయాలంటే అది లేకుండా కుదరదు. వేలికి వదులుగా ఉంటే జారుతుంది, బిగుతుగా ఉంటే వేలు తిమ్మిరెక్కుతుంది. పిల్లలకు కుట్టు నేర్పేటప్పుడు మొదటి రోజే తొడిగించాలి. పెద్దయ్యాక ఆ అలవాటు రాదు. పరుపులకు, గోనెలకు దబ్బనం వాడాలి గాని, బొంతకు దబ్బనం వాడితే పెద్ద కన్నాలు పడతాయి.

కత్తెర మాటకొస్తే ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌ను చెప్పుకోవాలి. అక్కడ కత్తెరలు చేసే కుటుంబాలలో అత్యధికులు ముస్లింలే. పాత వాహనాల ఇనుమును కరిగించి, సాగగొట్టి, సానబెట్టి చేస్తారు. 2013లో ఆ కత్తెరకు భౌగోళిక గుర్తింపు లభించింది. "దాదా లే, పోతా బర్తే" అని దానికి పేరు. తాత కొంటే మనవడు వాడతాడు అని అర్థం. అయితే ఆ మాట నిలవాలంటే మన పాత్ర కూడా ఉన్నది. గుడ్డ కత్తెరతో కాగితం కోయకూడదు. పిల్లలు నోటుపుస్తకాల అట్టలకు అడిగినా ఇవ్వకూడదు, వారికి వేరేది కొనివ్వండి. కింద పడేస్తే రెండు అలుగులు ఎడమవుతాయి. నెలకొకసారి మర దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, పొడిగుడ్డతో తుడవాలి. పదును తగ్గితే సానపట్టేవాని దగ్గర పట్టించాలి గాని, గాజుసీసా మూతి మీద రాయడం వంటి పనులు చేయవద్దు.

మిషను సంగతి

1830లో ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ కుట్టుమిషనుకు పేటెంటు తీసుకున్నాడు. సైనికుల దుస్తులు కుట్టడానికి ఆ మిషన్లు పెడితే, మా నోటికాడి కూడు పోతుందని మరుసటి ఏడు దర్జీలు వచ్చి వాటిని పగలగొట్టారు. తర్వాత అమెరికాలో 1846లో ఎలయాస్ హోవ్, 1851లో ఐజక్ సింగర్ పేటెంట్లు పొందారు. సింగర్ మిషను మన ఊళ్ళకు కూడా వచ్చింది. 1924లో యంత్రాలను గురించి చెబుతూ గాంధీజీ సింగర్ మిషనును మెచ్చుకుని మినహాయింపు ఇచ్చారు. మనిషిని వెళ్ళగొట్టకుండా మనిషి చేతికి సాయపడే యంత్రం అని ఆయన భావం. 1930ల దశకంలో కలకత్తాలో ఉషా మిషను తయారైంది. ఎందరో విధవరాండ్రు, ఎందరో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఆ మిషను మీద ఇల్లు నిలబెట్టుకున్నారు. ఫ్రెంచి దర్జీల భయమూ నిజమే, మన దూదేకులవారి నష్టమూ నిజమే. యంత్రం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

మిషనును బాగా చూసుకుంటే రెండు తరాలు వస్తుంది. బాబిను తీసి, దాని కింద చేరిన నూగును వారానికొకసారి చిన్న బ్రష్షుతో దులపాలి. బొంత కుట్టినప్పుడు నూగు ఎక్కువ, రోజూ దులపాలి. మిషను నూనెనే వాడాలి. ఇంట్లో ఉందని కొబ్బరినూనె పోస్తే చలికి గడ్డకట్టి, దుమ్ముతో జిగురై మిషను బిగుసుకుపోతుంది. నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టి, మిగిలిన నూనె పోయాకే మంచి గుడ్డ పెట్టాలి. గుడ్డ లేకుండా దారంతో తొక్కవద్దు. అన్ని పొరలూ ఒకేసారి పెట్టి బలవంతంగా తొక్కితే సూది విరిగి కంటికి తగిలే ప్రమాదం ఉన్నది. గళ్ళు మిషను మీద కలపండి, పొరలు చేత్తో కుట్టండి. పని అయ్యాక పాదం కింద ఒక గుడ్డముక్క మడిచిపెట్టి, సూది దించి, పైన ముసుగు వేయండి.

మనం చేయవలసింది

కొన్ని ఇండ్లలో చుట్టాలు వస్తే బొంతను మంచం కిందికి తోసి, కొన్న దుప్పటి పైన పరుస్తారు. బొంత కనిపిస్తే లేనివాళ్ళం అనుకుంటారని భయం. లేమి సిగ్గుపడవలసినది కాదు. ఉన్న నాలుగు గుడ్డలతో ఇంటిల్లిపాదినీ చలికి కాచిన తెలివి ఎక్కడైనా గౌరవించవలసినదే. "చాదర్ దేఖ్‌కే పావ్ ఫైలావో" అన్నారు పెద్దలు. ఆ చాదర్ చిన్నదైతే ముక్కవేసి పెద్దది చేసుకున్నది మన తల్లులు.

మా విన్నపం మూడు మాటలు. మొదటిది, మీ ఇంట్లో పాత బొంత ఉంటే పారవేయకండి. ఒక మూల చిన్న గుడ్డముక్క వేసి, కుట్టినవారి పేరు, ఊరు, ఏ ఏడు కుట్టారో దారంతో కుట్టి పెట్టండి. తెలిసినంతవరకు చాలు. రెండవది, కుట్టినవారు ఇంకా మన మధ్య ఉంటే వారి పక్కన కూర్చుని, ఈ ముక్క ఎవరి చీర, ఈ ముక్క ఎవరి చొక్కా అని అడిగి రాసుకోండి. ఒక్క బొంతలో పెళ్ళిళ్ళు, ఈదులు, పురుళ్ళు, దూరదేశం పోయిన కొడుకు పాత లుంగీ అన్నీ ఉంటాయి. మన కుటుంబాలకు ఇంతకన్న నిజమైన తవారీఖు మరొకటి లేదు. మూడవది, కుట్టు తరగతులు పెట్టే చోటల్లా బ్లౌజు, పంజాబీ డ్రెస్సుతోపాటు ఒక గడి బొంత కూడా నేర్పించాలి. దూదేకుల వృత్తి తెలిసిన పెద్దలను పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, దూది ఎట్లా ఎంచుకోవాలో, ఎంత మందాన పరచాలో పిల్లల ఎదుట చేసి చూపించమనాలి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టాలి. అంగీకి గుండీ కుట్టుకోలేని చదువు ఎంత చదివినా కొరతే.

కోటలను కాపాడటానికి పురావస్తు శాఖ ఉన్నది. బొంతను కాపాడటానికి ఏ శాఖా లేదు. ఒక డబ్బీలో తుప్పు పట్టని సూది, ఒక పదునైన కత్తెర, పక్కన కూర్చుని నేర్చుకునే ఒక బిడ్డ – ఈ మూడూ ఉన్న ఇంట్లో అది బతుకుతుంది. అట్లాంటి ఇండ్లు మన సంఘంలో పెరగాలని మా కోరిక.